పుంభాగ ప్రథమో… తర్వాత ఏమిటి?

పదాన్వేషి: పగడపు దిబ్బల్లో ఉండే క్లౌన్ చేప మీద వ్యాసం రాస్తున్నాను. మొదట మగది, వీలు చిక్కితే ఆడది. వృక్షశాస్త్రం పాఠంలో ఇలాంటిదానికే ‘పుంభాగ ప్రథమో…’ అని ఒక మాట బట్టీ పట్టాం. చివర ‘త్పత్తి’యా, ‘న్మేషమా’? నోట్లో ఆడుతోంది, బయటికి రావడం లేదు.

తేటగీతి: ‘ప్రథమోత్పత్తి’యే. కానీ అది పువ్వు మాటండీ. కేసరాలు ముందు పక్వమవుతాయి, కీలాగ్రం తర్వాత. రెండూ ఒకే పువ్వులో భాగాలు. చేప అలా కాదు, మొత్తంగా మారుతుంది. ‘భాగ’ కొట్టేసి ‘పుంప్రథమ’ అనండి.

సూత్రధారి: కొట్టేస్తే మిగిలేది ‘పుంస్ప్రథమ’. పుంస్కోకిల, పుంస్పుత్ర చూడలేదా? ‘పుమః ఖయ్యంపరే’ అని పాణిని సూత్రం. భకారం ముందు అణిగిన సకారం పకారం ముందు లేచి కూర్చుంటుంది.

తేటగీతి: ఆ ముద్ద ఎవరికి నోరు తిరుగుతుంది మాస్టారూ? అయినా చేపను జలపుష్పం అనే జాతి మనది. పువ్వు మాటే ఉంచినా తప్పులేదేమో!

మత్స్యావతారం: ‘భాగ’ ఉండాల్సిందే. క్లౌన్ చేపల్లో మగదాని బీజకోశంలో వృషణ కణజాలం పక్కనే ఎదగని అండాశయ కణజాలం కూడా ఉంటుంది. అవి కాపురముండే ఎనిమోన్ అనే సముద్రజీవి ఒక్కోదానిలో అన్నిటికన్నా పెద్దది ఆడది, రెండోది దాని జత మగది, మిగిలినవి ఎదగనివి. ఆడది పోతే రెండోదానిలో వృషణభాగం క్షీణించి అండాశయభాగం పండుతుంది. మిగిలినవాటిలో పెద్దది మగస్థానానికి వస్తుంది. ఇతర చేపల ఒంటిని శుభ్రపరిచే రాస్ అనే చేపల్లో వరస తిరగబడుతుంది. మగది పోయిన కొన్ని గంటల్లోనే పెద్ద ఆడది మగదానిలా గుంపు మీద పెత్తనం మొదలుపెడుతుంది. శుక్రకణాలకు రెండు మూడు వారాలు పడుతుంది. రాబర్ట్‌సన్ అనే శాస్త్రవేత్త 1972లోనే రాశాడు. అది ‘స్త్రీభాగ ప్రథమోత్పత్తి’.

తేటగీతి: ఇంతకన్నా పోతన నవమస్కంధం తెరవండి. ఇల ఆడపిల్లగా పుట్టి సుద్యుమ్నుడైంది. వేటకు వెళ్లి శివుడి వనంలో మళ్లీ స్త్రీ అయింది, బుధుడి వల్ల పురూరవుణ్ణి కన్నది. ఆపైన నెల మార్చి నెల! ఇక్కడ ప్రథమం ఏదండీ?

మత్స్యావతారం: అటూ ఇటూ మారే గోబీ చేపలున్నాయి. వాటిలో ట్రిమ్మా ఒకినావే అనే జాతిలో గుంపులో పెద్దదే మగది; దానికన్నా పెద్ద మగది వచ్చిపడితే మళ్లీ ఆడదవుతుంది. నెలల గడువేమీ లేదు, అంతా ఒడ్డూ పొడుగును బట్టే.

సూత్రధారి: అక్కడ సుద్యుమ్నుడి గుర్రమూ ఆడదైంది, పరివారమూ ఆడవాళ్లైంది. మీ దిబ్బల్లో అలా ఉందా?

మత్స్యావతారం: లేదు. ఖాళీ అయిన స్థానానికి ఒకటే మారుతుంది.

పదాన్వేషి: అయ్యా, నా వ్యాసంలో ఏది రాయను?

సూత్రధారి: పుంస్ప్రథమ. సకారం మాత్రం వదలకండి.

తేటగీతి: అదలా ఉంచండి. ఆడదైన ఆ గుర్రాన్ని పోతన ‘గోడిగ’ అన్నాడా, ‘బడబ’ అన్నాడా? పుస్తకం దగ్గరున్నవాళ్లు కాస్త పద్యం పెట్టండి.