మూడడుగుల రీఫ్ ట్యాంకులో ఒంటి క్లౌన్ చేపకి జోడీ తేవచ్చా, వద్దా?

ఎంవీపీ సుజాత:
అందరికీ నమస్కారం. మాది మూడడుగుల రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి ట్యాంకు, సంప్‌తో (కింద ఫిల్టర్ ఉండే తొట్టితో) కలిపి సుమారు 200 లీటర్లు. పెట్టి నాలుగేళ్లవుతోంది. అందులో ఒకే ఒక్క ఒసెల్లారిస్ జాతి క్లౌన్ చేప ఉంది. మూడంగుళాల పైమాటే. టోడ్‌స్టూల్ లెదర్ కోరల్ అనే మెత్తటి పగడంలో దూరి కూర్చుంటుంది, తిండికి తప్ప బయటికి రాదు. ఇంకా ఒక గోబీ చేప, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. క్లౌన్‌కి జోడీ తెమ్మని ఇంట్లో ఒకటే గొడవ. దుకాణంలో అడిగితే "ఈ రెండూ తీసుకెళ్లండి మేడం, మూడూ కలిసిపోతాయి" అన్నారు. అవి దాదాపు మా చేపంతే ఉన్నాయి. ఇంకొకరేమో ఏది వేసినా పాతది చంపేస్తుందన్నారు. ఎవరి మాట వినాలి?

ఉప్పునీటి అప్పలరాజు:
ఎవరి మాటా వినకండి, ఏమీ వేయకండి. బాగున్న ట్యాంకుని కెలకడం దేనికండీ? "పాపం, ఒంటరిగా ఉంది" అన్న బాధ మనది, చేపది కాదు. అది తింటోంది, తిరుగుతోంది, కోరల్‌లో పడుకుంటోంది. ట్యాంకుల్లో క్లౌన్లు పదేళ్లు దాటి బతుకుతాయి, ఒంటిగా ఉన్నవీ బతుకుతాయి. రెండోది తెచ్చాక పడకపోతే దాన్ని పట్టుకోవడానికి లైవ్ రాక్ (ట్యాంకులోని రాళ్లు) మొత్తం పీకాలి. సరే పీకారు, పట్టారు. ఎవరికిస్తారు? మన ఊళ్లో ఉప్పునీటి చేపని వెనక్కి తీసుకునే దుకాణాలు ఎన్నున్నాయో చెప్పండి చూద్దాం.

డాల్ఫిన్ నోస్:
అప్పలరాజు గారి భయం న్యాయమే. కానీ "ఏది వేసినా చంపేస్తుంది" అన్నది మాత్రం నిజం కాదు. ఏ సైజుది వేస్తున్నామన్నదే అసలు సంగతి.

క్లౌన్లు ముందు మగవిగానే ఎదుగుతాయి. గుంపులో అన్నిటికంటే పెద్దది, పెత్తనం చేసేది ఆడదవుతుంది. దాని తర్వాతి సైజుది దానికి జంట. మిగిలిన పిల్లలు ఎదగకుండా ఆగిపోతాయి. పైవాటికి పోటీగా కనిపించకూడదని ఒళ్లు కూడా పెంచుకోవు. ఆడది చస్తే జంటలోని మగది ఆడదిగా మారుతుంది, పిల్లల్లో పెద్దది మగదవుతుంది. ఒకసారి ఆడదయ్యాక మళ్లీ మగది కావడం ఉండదు.

సుజాత గారి చేప ఇన్నేళ్లు ఎదురులేకుండా ఉంది కాబట్టి ఈపాటికి ఆడదై ఉండే అవకాశమే ఎక్కువ. దానంత సైజున్నదాన్ని తెస్తే అదీ ఆడదే అయితే రెండిట్లో ఒకటి పోయేదాకా ఆగవు. దుకాణంలోని రెండూ ఇప్పటికే జంట కట్టి ఉంటే ఇంకా ఘోరం, ఒక మగదానికి ఇద్దరు ఆడవాళ్లు. మూడూ కలిసిపోతాయన్న మనిషి చేపలు అమ్ముతున్నాడంతే.

నా లెక్క ఇది: ఒకే ఒక్కటి, మీ చేపలో సగానికి తక్కువ సైజు, అంగుళం పిల్ల అయితే ఇంకా మంచిది. అంత చిన్నదాన్ని చూస్తే పాతదానికి పోటీ అనిపించదు.

లాసన్స్ బే రీఫర్:
నాదీ అదే మాట. అయితే కొత్త చేపని ముందు ట్యాంకులోనే ఒక కంతల బాక్స్‌లో (అక్లిమేషన్ బాక్స్) పెట్టి అలవాటు చేయమంటారు చూడండి, ఆ బాక్సులూ గీక్సులూ అక్కర్లేదు. ముందు రెండు మూడు రాళ్లు అటూ ఇటూ జరపండి, పాతదానికి తన హద్దులు కాస్త గందరగోళమవుతాయి. కడుపు నిండా తిండి పెట్టండి. లైట్లు ఆరాక పిల్లని లెదర్ కోరల్‌కి దూరంగా ఉన్న మూల వదలండి. తెల్లారేసరికి అదీ ఒక చోటు చూసుకుంటుంది. అక్లిమేషన్ బాక్స్‌లో పెడితే తగాదా వాయిదా పడుతుందే తప్ప తప్పదు.

కంచరపాలెం క్యూటీ:
ఒక్కరూ జబ్బు మాట ఎత్తరేంటి? దెబ్బలాటలో పోయేది ఒక చేప. జబ్బు వస్తే ట్యాంకే పోతుంది.

మనకి వచ్చే సరుకు చాలావరకు చెన్నై కొళత్తూరు మీదుగానే. రాత్రంతా కవర్లో ప్రయాణం, దిగాక దుకాణం నీళ్లు, మళ్లీ మన నీళ్లు. అలా నలిగిన క్లౌన్లకి ఎక్కువగా పట్టేది బ్రూక్లినెల్లా అనే పరాన్నజీవి. ఒంటి మీద తెల్లటి జిగురు పొరలుగా లేస్తుంది, మొప్పలు గబగబా కొట్టుకుంటాయి, కొద్ది రోజుల్లోనే ఖతం. దానికి రాగి మందు పనిచేయదు, ఫార్మలిన్ కావాలి. తెల్ల మచ్చల జబ్బుకి రాగి పనిచేస్తుంది గానీ రీఫ్ ట్యాంకులో రాగి వేస్తే క్లీనర్ రొయ్య, కోరల్ రెండూ పోతాయి. అంటే మెయిన్ ట్యాంకులోకి జబ్బు చొరబడ్డాక చేపలన్నిటినీ వేరే తొట్టిలోకి మార్చి, ట్యాంకుని చేపల్లేకుండా ఖాళీగా ఉంచడమే మార్గం. హాబీలో అందరూ చెప్పే లెక్క 76 రోజులు. ఒక్క పిల్ల కోసం ఆ టెన్షన్ పడతారా?

మూతున్న ప్లాస్టిక్ తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి ఒక పీవీసీ ముక్క. ఖర్చు ఇంతే. నెల రోజులు అందులో చూసుకుని అప్పుడు మార్చండి. బీచ్ నుంచి నీళ్లు తెచ్చి పోద్దామనుకుంటే మాత్రం వానలయ్యాక జాగ్రత్త. నదుల మంచినీళ్లు కలిసి మన తీరంలో ఉప్పు బాగా పడిపోతుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడకుండా పోయొద్దు.

లాసన్స్ బే రీఫర్:
హేచరీ పిల్ల అయితే క్వారంటైన్ ఎందుకు బ్రో? సముద్రంలో పట్టింది కాదు కదా. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు మన దేశంలోనే క్లౌన్లని పుట్టించే పద్ధతి ఎప్పుడో సాధించారు. అంగుళం పిల్లని నెల రోజులు ఉత్త తొట్టిలో పెడితే ఆ బెంగతోనే పోతుంది.

కంచరపాలెం క్యూటీ:
హేచరీలో శుభ్రంగానే ఉంటుంది. దుకాణంలోనో? ట్యాంకులన్నిటికీ ఒకటే సంప్, ఒకటే నీళ్లు. మీ హేచరీ పిల్ల పక్క గదిలో నిన్న దిగిన టాంగ్ చేప ఉంటుంది. పుట్టుక ఎక్కడైనా, ఆ నీళ్లలో ఒక్క పూట ఉందంటే క్వారంటైన్ తప్పదు.

డాల్ఫిన్ నోస్:
ఇందులో నేను క్యూటీ పక్షం. బాక్స్ విషయంలోనూ రీఫర్ గారితో ఏకీభవించను. పెళ్లిచూపుల్లా ముందు ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి. పారదర్శకమైన, కంతలున్న బాక్స్‌లో పిల్లని పెట్టి లెదర్ కోరల్‌కి దగ్గర్లో వేలాడదీయండి. పాతది వచ్చి బాక్స్‌ని పొడుస్తుంది, అది మామూలే. పొడవడం మానేసి పక్కనే తచ్చాడటం మొదలుపెట్టాక వదలండి.

వదిలాక చూడాల్సింది పిల్ల వణుకు. ఒళ్లంతా టపటపా కొట్టుకుంటూ పక్కకి వాలుతుంది. కొత్తవాళ్లు ఫిట్స్ అనుకుని హడలిపోతారు. అది లొంగుబాటు. "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడం. అది కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. కొన్నాళ్లు తరమడం, చిన్న చిన్న కాట్లు కూడా ఫర్వాలేదు. పిల్ల ఓవర్‌ఫ్లో (నీళ్లు సంప్‌లోకి దిగే చోటు) మూలన నీటి పైపొరకి అంటుకుపోయి, తిండి మానేసి, రెక్కలు చీలికలైతే మాత్రం ఆ పూటే తీసేయాలి.

ఎంవీపీ సుజాత:
చాలా థాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు. దుకాణంలో నల్లటి సెబే క్లౌన్ కూడా ఉంది. రంగు వేరు కాబట్టి కొట్టుకోవేమో కదా? పోనీ ముందు ఒక ఎనిమోన్ (క్లౌన్లు కాపురం ఉండే పువ్వులాంటి సముద్ర జీవి) కొని పెడితే రెండూ అందులో సర్దుకుంటాయా?

డాల్ఫిన్ నోస్:
సెబే వద్దే వద్దు. 15 సెంటీమీటర్ల దాకా పెరగగలదు, ఒసెల్లారిస్ కంటే మొండిది. మూడడుగుల్లో రెండు జాతుల క్లౌన్లు పొసగవు.

ఎనిమోన్ కూడా ఇప్పుడు వద్దు. మన దగ్గర ఎక్కువగా దొరికే కార్పెట్ రకం హద్దోనీ. సముద్రంలో ఒసెల్లారిస్ ఉండేది దాంట్లో కాదు, మాగ్నిఫికా, గిగాంటియా, మెర్టెన్సీ రకాల్లో. పైగా హద్దోనీకి మీ గోబీ దొరికితే మింగేస్తుంది. లెదర్ కోరల్‌తో తృప్తిగా ఉన్న చేపకి ఎనిమోన్ ఇస్తే కాపలా కాయడానికి ఇంకో ఆస్తి ఇచ్చినట్టే, కొత్తదాన్ని ఇంకా గట్టిగా తరుముతుంది. హార్డ్ కోరల్ (గట్టి పగడాలు) పెడదామని ఎవరైనా చెప్తే అదీ వినకండి. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఇంట్లో పెట్టుకుంటే కేసే.

ఉప్పునీటి అప్పలరాజు:
అన్నీ బాగానే చెప్పారు గానీ జంట కుదిరాక ఏమవుతుందో ఒక్కరూ చెప్పలేదు. గుడ్లు పెట్టడం మొదలవుతుంది. అప్పటి నుంచి ఆడది కోరల్ చుట్టుపక్కలకి గోబీని రానివ్వదు. గాజు తుడవడానికి చెయ్యి పెడితే చేతిని కరుస్తుంది. మీరు నవ్వుతారు గానీ రక్తం చూపించిన చేపలున్నాయి. ఇప్పుడున్న ప్రశాంతత ఉండదని ఇంట్లో వాళ్లకి ముందే చెప్పండి.

ఇంకో మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్లు ఎంతసేపు ఆగుతాయి? కొత్త చేప కంటే ముందు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొనండి.

లాసన్స్ బే రీఫర్:
ఎయిర్ పంపు మాట వరకు అప్పలరాజు గారికి నా ఓటు. బాక్స్ వద్దన్న మాట మీద మాత్రం ఇంకా ఉన్నాను.

ఎంవీపీ సుజాత:
దుకాణంలోని ఆ రెండూ వద్దని చెప్పేశాను. అంగుళం పిల్ల వస్తే కబురు చేయమన్నాను. ఈలోగా తొట్టి, స్పాంజ్ ఫిల్టర్ సిద్ధం చేస్తాను. స్పాంజ్‌ని కొన్ని వారాలు మా సంప్‌లోనే ఉంచితే నీళ్లని శుభ్రం చేసే బాక్టీరియా పట్టేస్తుంది కదా?

కంచరపాలెం క్యూటీ:
పట్టేస్తుంది. ఇవాళే వేయండి. కానీ తొట్టిలోకి వెళ్లిన స్పాంజ్ మళ్లీ సంప్‌లోకి రాకూడదు, వల కూడా వేరే ఉంచుకోండి.

ఉప్పునీటి అప్పలరాజు:
వల అన్నారు కాబట్టి చెప్తున్నా, చేపల్ని పట్టే ట్రాప్ కూడా ఒకటి తెచ్చి పెట్టుకోండి సుజాత గారూ. రాళ్ల మధ్య వలతో క్లౌన్‌ని పట్టినవాణ్ణి నేనింకా చూడలేదు.