ఎముకల మీద బుడిపెలు: కాండైల్, ట్యూబర్‌కిల్, ట్రొకాంటర్... దేన్ని ఏమనాలి?

ప్రశ్న:
బీఎస్సీ నర్సింగ్ మొదటి ఏడాది. ఎముక మీద పొడుచుకొచ్చిన ప్రతిదాన్నీ మనం బుడిపె అనేస్తాం. అనాటమీలో మాత్రం పది పేర్లు. ఎలా గుర్తుపట్టాలి? కాండైల్‌కీ ఎపికాండైల్‌కీ తేడా వైవాలో (నోటి పరీక్షలో) అడుగుతారట.

జవాబు 1:
ముందు ఆ బుడిపె కీలులో ఉందా లేదా చూడండి. కాండైల్ కీలులో ఉంటుంది, నున్నటి మృదులాస్థి పొర కప్పుకుని గుండ్రంగా ఉంటుంది. తొడ ఎముక కింది కొసన అలాంటివి రెండు. గ్రీకులో 'ఎపి' అంటే పైన. కాండైల్‌కి పైన, కీలు బయట గరుకుగా ఉండేది ఎపికాండైల్; కండరాలు, లిగమెంట్లు (ఎముకల్ని కలిపి ఉంచే పట్టీలు) దానికి అతుక్కుంటాయి. మోచేతి లోపలి పక్క తడిమితే గట్టిగా తగిలేది మీడియల్ ఎపికాండైల్. దాని వెనక గాడిలో అల్నార్ నరం చర్మం కిందే పోతుంది. అక్కడ దెబ్బ తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమనేది అందుకే.

మిగతావి కండరాలు పట్టుకునే చోట్లు. చిన్నది ట్యూబర్‌కిల్, పెద్దగా గరుకుగా ఉంటే ట్యూబరాసిటీ. ట్రొకాంటర్ అనే పెద్ద బుడిపె తొడ ఎముకకే, దాని పై భాగంలో ఉంటుంది.

జవాబు 2:
సైజు లెక్కను మరీ నమ్మకండి. భుజం దగ్గరి గ్రేటర్ ట్యూబర్‌కిల్, రేడియస్ (ముంజేతిలో బొటనవేలి వైపు ఎముక) మీది ట్యూబరాసిటీ కన్నా పెద్దది! పేరును ఎముకతో కలిపే గుర్తుపెట్టుకోండి. కొన్ని పేర్లు ఆకారాన్నే చెప్తాయి: కొరకాయిడ్ అంటే కాకి ముక్కులాంటిది, జిఫాయిడ్ అంటే కత్తిలాంటిది. సీపీఆర్‌లో (గుండె ఆగినప్పుడు ఛాతీని నొక్కడంలో) అరచేయి ఛాతీ ఎముక కింది సగం మీద పెట్టాలి, దాని కింది కొసన ఉండే జిఫాయిడ్ మీద కాదు. అది విరిగితే కాలేయానికి గాయం కావచ్చు.

జవాబు 3:
నర్సింగ్‌లో వీటి అసలు అవసరం వెంట్రోగ్లూటియల్ ఇంజెక్షన్ (తుంటి పక్క కండరంలో ఇచ్చేది) దగ్గర. పేషెంటు ఎడమ తుంటికైతే మీ కుడి చెయ్యి వాడాలి. అరచేతి మడమ (మణికట్టు దగ్గరి భాగం) గ్రేటర్ ట్రొకాంటర్ (రెండు ట్రొకాంటర్లలో పెద్దది) మీద, చూపుడు వేలు ముందున్న ఇలియాక్ స్పైన్ (తుంటి ఎముక ముందు మొన) మీద ఉంచి, మధ్య వేలిని ఇలియాక్ క్రెస్ట్ (తుంటి ఎముక పై అంచు) వెంట వెనక్కి చాపండి. రెండు వేళ్ల సందులో మధ్యన సూది. పిరుదు నుంచి కాలిలోకి దిగే సయాటిక్ నరం అక్కడికి దూరం.

ఎక్కువమంది తప్పు చేసేది చెయ్యి మార్చుకోకపోవడంలో. కుడి తుంటికి కుడి చెయ్యే పెడితే చూపుడు వేలు వెనక్కి తిరుగుతుంది, గుర్తు పిరుదు వైపు జరుగుతుంది. లావుపాటి వాళ్లలో ట్రొకాంటర్ చేతికి అందకపోతే, కాలిని లోపలికీ బయటికీ తిప్పించండి. అరచేతి కింద కదిలే గట్టి బుడిపె అదే.