ఒకే టాకుమార్ లెన్సు, రెండు కెమెరాలు: ఇన్ఫినిటీ రావట్లేదు, గాజు పసుపెక్కింది

వేళచ్చేరి వెలుతురు

అందరికీ నమస్కారం. చెన్నైలో ఉంటాను. నా దగ్గరున్నది పెంటాక్స్ పాత లెన్సు, సూపర్ టాకుమార్ 50 ఎం.ఎం. ఎఫ్/1.4, ఏడు గాజుల రకం. దీన్నే పెంటాక్స్ స్పాట్‌మాటిక్ ఎస్‌పీలో ఫిల్ముకి, ఎం42 (ఈ లెన్సు మర బిగింపు పేరు) అడాప్టర్‌తో డిజిటల్ కెమెరా సోనీ ఏ6400కి వాడుతున్నాను. నాలుగు సందేహాలు.

సోనీ మీద లెన్సును ఇన్ఫినిటీ (అతి దూరం) గుర్తు దాకా తిప్పినా దూరంగా ఉన్న భవనాలు మసకగా వస్తున్నాయి, పన్నెండు మీటర్ల దగ్గరున్న చెట్టు మాత్రం స్పష్టంగా ఉంది. స్పాట్‌మాటిక్‌లో ఈ బాధ లేదు. అడాప్టర్ లోపల, లెన్సు వెనకున్న పిన్నును నొక్కే అంచు ఉంది. రెండోది, లెన్సును తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే పలచటి టీ రంగు. ఎండలో పెడితే పోతుందంటారు, నిజమేనా? మూడోది, ఎదురు వెలుతురులో తీస్తే ఫోటో మధ్యలో పాల పొరలాంటి తెలుపు. చివరిది, స్పాట్‌మాటిక్ మీటరు కదలట్లేదు. సోనీతో వెలుతురు కొలిచి ఆ అంకెలే కోడాక్ గోల్డ్ 200కి పెట్టుకోవచ్చా?

అల్లెన్ కీ

ఇన్ఫినిటీ సంగతి ముందు తేల్చుకోండి. ఫిల్ము కెమెరాలో సరిగ్గా ఉందంటే లెన్సులో లోపం లేదు, దాని వెనక ఉన్న దూరంలో ఉంది. ఎం42 లెన్సు కూర్చునే ముఖం నుంచి ఫిల్ము దాకా 45.46 మి.మీ. ఉండాలి. సోనీ ‘E’ మౌంట్‌లో (లెన్సు బిగించే భాగం) మౌంట్ ముఖం నుంచి సెన్సార్‌కి 18 మి.మీ. మిగిలిన 27.46 మి.మీ. అడాప్టర్ మందం. అంతకన్నా మందంగా ఉంటే ఇన్ఫినిటీ అందదు. పలచగా ఉంటే ఇన్ఫినిటీ దాటి పోతుంది, దానివల్ల నష్టం లేదు, లెన్సు మీది దూరం అంకెలు తప్పుతాయి అంతే. అందుకే చాలా అడాప్టర్లను కావాలనే పిసరంత పలచగా చేస్తారు.

ఎంత తేడా ఉందో లెక్క కట్టడం తేలిక. ఫోకల్ లెంగ్తును దానితోనే గుణించి, స్పష్టంగా కనిపించే దూరంతో భాగించాలి, అన్నీ మిల్లీమీటర్లలోనే. మీ విషయంలో 50ని 50తో గుణిస్తే వచ్చే 2500ని 12,000తో భాగిస్తే దాదాపు 0.2 మి.మీ. ఇదే తప్పు 135 ఎం.ఎం. లెన్సుకైతే కనిపించడం కష్టం, తొంభై మీటర్ల దగ్గర ఆగుతుంది. 28 ఎం.ఎం. వైడ్ లెన్సుకైతే నాలుగు మీటర్లకే ఆగిపోతుంది. వైడ్ లెన్సు ఉన్నవాళ్లే అడాప్టర్‌ని ఎక్కువగా తిట్టుకోవడానికి కారణం ఇదే.

అయితే మీ అడాప్టర్ మందాన్ని అప్పుడే అనుమానించకండి. లోపల అంచు ఉంది అన్నారు కదా, నా అనుమానం దాని మీదే. ఆటో అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం ఫోటో తీసే క్షణంలో తనంతట మూసుకునే) లెన్సుల వెనక ఉండే పిన్నును నొక్కి పట్టడానికి ఆ అంచు. కొన్ని లెన్సుల్లో పిన్ను అంత లోతుకి దిగదు. పిన్ను అంచు మీద ఆనుకుని ఆగిపోతుంది, లెన్సు పూర్తిగా బిగిసినట్టే చేతికి తెలుస్తుంది, కానీ అడాప్టర్ ముఖానికి, లెన్సు ముఖానికి మధ్య సందు మిగిలి ఉంటుంది. లెన్సు బిగించి ఆ సందులోకి మామూలు జిరాక్స్ కాగితం ముక్క తోసి చూడండి. 75 గ్రాముల కాగితం సుమారు 0.1 మి.మీ. ఉంటుంది. ఎన్ని ముక్కలు దూరాయో చెప్పండి.

వేళచ్చేరి వెలుతురు

చూశాను. రెండు కాగితాలు కలిపి చుట్టూ దూరుతున్నాయి, మూడు పెడితే దూరట్లేదు.

అల్లెన్ కీ

అయితే దొరికింది, రెండు కాగితాలంటే లెక్కలో వచ్చిన ఆ 0.2 మి.మీ.యే. అంచు లేని ఎం42 అడాప్టర్ తీసుకోండి. సూపర్ టాకుమార్ పక్కన ఆటో, మాన్యువల్ స్విచ్ ఉంది. దాన్ని మాన్యువల్‌లో పెడితే పిన్ను నొక్కకపోయినా అపెర్చర్ రింగు తిప్పినట్టల్లా రేకులు మూసుకుంటాయి. ఆ స్విచ్ లేని లెన్సులకే, ఉదాహరణకు హీలియోస్ 44ఎం-4 లాంటి వాటికే, అంచు అవసరం. హీలియోస్ 44-2కి అదీ అక్కర్లేదు, దానిది ప్రీసెట్ అపెర్చర్, చేత్తోనే రింగు తిప్పి మూసేది. ఉన్న అంచును ఆకురాయితో రుద్దుదామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. అల్యూమినియం పొడి చివరికి సెన్సార్ మీదే చేరుతుంది.

కొత్తది రాగానే డిజిటల్ వెర్నియర్‌తో నాలుగు చోట్ల కొలవండి. ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్ వైపు వెళ్తే వెర్నియర్ కొనుక్కోవచ్చు. 27.40 నుంచి 27.46 మధ్య ఎంతొచ్చినా మంచిదే. నాలుగు కొలతల మధ్య 0.03కి మించి తేడా ఉంటే మాత్రం వాపసు ఇచ్చేయండి. అది వాలుగా ఉన్న అడాప్టర్, ఫోటోలో ఒక పక్క ఎప్పుడూ మసకగానే ఉంటుంది, దాన్ని ఏ సెట్టింగూ సరిచేయదు. లెన్సు బిగించాక దూరం గుర్తు పైకి రాకుండా పక్కకి పోతే అడాప్టర్ చుట్టూ మూడు చిన్న గ్రబ్ స్క్రూలు ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని వదులు చేసి లోపలి రింగు తిప్పి మళ్లీ బిగించవచ్చు.

పాల పొరకి రెండు కారణాలు ఉండొచ్చు. ముందు లెన్సును తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేసి చూడండి. లోపల సమానంగా పొగమంచులా ఉంటే హేజ్. సాలెగూడులా పీచులు ఉంటే బూజు. అంచుల్లో ఇంద్రధనుస్సు వలయాలుంటే అతికించిన గాజులు విడిపోతున్నాయని అర్థం, దాన్ని ఇంట్లో బాగుచేయలేం. ఇవేవీ లేకపోతే తప్పు అడాప్టర్‌దే. దాని లోపలి గోడ నల్లగానే ఉంటుంది కానీ నిగనిగలాడుతుంది. మీ సెన్సార్ ఏపీఎస్-సీ, అంటే ఫిల్ము ఫ్రేముకన్నా చిన్నది. ఈ లెన్సు వేసే వెలుతురు వలయం 35 ఎం.ఎం. ఫిల్ము ఫ్రేముకి సరిపడేది, సెన్సార్‌కి పట్టని వెలుతురంతా ఆ గోడకి తగిలి తిరిగి సెన్సార్ మీద పడుతుంది. లోపలి గోడకి నల్లటి ఫ్లాకింగ్ పేపర్ (మఖమల్ లాంటి, మెరవని కాగితం) అంటించండి. అది దొరక్కపోతే మెరుపులేని నల్ల పెయింట్ పలచగా రెండు పూతలు, పూర్తిగా ఆరాకే కెమెరాకి పెట్టాలి. ముందువైపు 49 ఎం.ఎం. హుడ్ వేయండి. ఏ6400 మీద ఈ లెన్సు 75 ఎం.ఎం. కోణమే చూస్తుంది కాబట్టి 85 లెన్సులకి చేసిన లోతైన హుడ్ కూడా పనికొస్తుంది. స్పాట్‌మాటిక్‌కి మార్చినప్పుడు మాత్రం దాన్ని తీసేయాలి, లేదంటే మూలలు నల్లబడతాయి.

తోరియం టీ

పసుపు గురించి. మీ లెన్సులో కొన్ని గాజుల్లో థోరియం ఆక్సైడ్ ఉంది. దాని రేడియేషన్ వల్ల ఏళ్ల తరబడి గాజులో రంగు పేరుకుంటుంది. ఇది మురికి కాదు, తుడిస్తే పోదు. అతినీలలోహిత కాంతి ఆ రంగుని విరిచేస్తుంది, కాబట్టి ఎండ మాట నిజమే. కానీ మన మే నెల ఎండలో వద్దు. లోహపు గొట్టం కాలిపోతుంది, ఫోకస్ గ్రీజు కరిగి అపెర్చర్ రేకుల మీదికి పాకుతుంది. పైగా 50 ఎం.ఎం. ఎఫ్/1.4 అంటే భూతద్దమే, కర్టెనుకి నిప్పంటుకోవచ్చు.

365 నుంచి 395 నానోమీటర్ల యూవీ ఎల్‌ఈడీ దీపం కొనండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి, ముందువైపు వంటింటి అల్యూమినియం రేకు కప్పి, వెనక గాజు దీపం వైపు ఉండేలా నిలబెట్టండి. రంగెక్కిన గాజులు వెనక భాగంలోనే ఉంటాయి. దీపానికీ లెన్సుకీ మధ్య కొన్ని సెంటీమీటర్లు చాలు. గంటకోసారి లెన్సు ముట్టి చూసి, వేడెక్కుతుంటే దూరం పెంచండి. వెలుగుతున్న దీపం వైపు కళ్లు పెట్టి చూడకూడదు. కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా పట్టొచ్చు. మార్పు కంటితో అంచనా వేయకండి. సోనీలో వైట్ బ్యాలెన్స్ డేలైట్‌కి కట్టేసి, ఒకే తెల్ల కాగితాన్ని, ఒకే వెలుతురులో రెండు రోజులకోసారి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఆటో వైట్ బ్యాలెన్స్‌లో ఉంటే కెమెరాయే పసుపుని దాచేస్తుంది.

డిజిటల్ వరకే అయితే ఈ శ్రమ అక్కర్లేదనే అంటాను. కానీ మీరు కలర్ ఫిల్ము కూడా వాడుతున్నారు. ఫిల్ముకి వైట్ బ్యాలెన్స్ లేదు. స్కానింగులో కొంత దిద్దొచ్చు గానీ నీడల్లో నీలం సమాచారం అప్పటికే తగ్గిపోయి ఉంటుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకైతే ఇదే పసుపు లేత ఎల్లో ఫిల్టర్‌లా పనిచేసి ఆకాశాన్ని కాస్త ముదురు చేస్తుంది, అది బాగానే ఉంటుంది.

రేడియేషన్ భయం గురించి ఒక్క మాట. కెమెరా మీద పెట్టి వాడితే ఆందోళన పడాల్సిన మోతాదు కాదు. ఆ గాజును అరగదీయడం, పగలగొట్టడం మాత్రం చేయకూడదు. ఫిల్ము డబ్బాలను నెలల తరబడి ఈ లెన్సుకి ఆనించి దాచకండి.

గోల్డ్ రెండొందలు

సోనీతో నిశ్చింతగా కొలవొచ్చు. మీ విషయంలో ఒక సౌకర్యం కూడా ఉంది. కొలిచేదీ తీసేదీ ఒకే లెన్సు కాబట్టి పసుపు గాజు మింగే వెలుతురు కూడా ఆ లెక్కలోకే వచ్చేస్తుంది. విడిగా చేతి మీటరు వాడితే ఆ లోటు మనమే కలుపుకోవాలి. ఐఎస్ఓ 200కి కట్టేయండి, అపెర్చర్ ఫిల్ముకి ఏది పెడతారో అదే పెట్టండి. స్పాట్‌మాటిక్‌లో ఫ్రేము వెడల్పు ఎక్కువ కాబట్టి ఆకాశం ఎక్కువ పడుతుంది. అందుకని ముఖ్యమైన వస్తువుకి దగ్గరగా వెళ్లి కొలిచి, వెనక్కి వచ్చి తీయండి. నెగెటివ్ ఫిల్ము ఎక్కువ వెలుతురుని తట్టుకుంటుంది, తక్కువైతే నీడలు బురదలా వస్తాయి. కాబట్టి నీడ మీద కొలవండి, అనుమానం ఉంటే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువివ్వండి. డిజిటల్‌లో తెలుపు కాలిపోతుందేమోనని తగ్గించే అలవాటు ఇక్కడ పనికిరాదు.

మెరీనాలో మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 200 ఫిల్ముతో ఎఫ్/1.4, అంటే పూర్తిగా తెరిచిన అపెర్చర్, వాడాలన్న ఆశ వదులుకోవాలి. స్పాట్‌మాటిక్ గరిష్ఠ వేగం 1/1000. దానికి ఎఫ్/8 పెట్టాలి. 49 ఎం.ఎం. ఎన్‌డీ8 ఫిల్టర్ (వెలుతురుని ఎనిమిదో వంతుకి తగ్గించేది) వేస్తే ఎఫ్/2.8 దాకా రావచ్చు. సోనీలో ఐఎస్ఓ 100, 1/4000తో ఫిల్టర్ లేకుండానే అక్కడికి చేరతారు.

సోనీలో ఆటో ఐఎస్ఓ వాడేవాళ్లకి ఇంకొకటి. పాత లెన్సు ఫోకల్ లెంగ్తు కెమెరాకి తెలియదు, కాబట్టి షట్టర్ 1/60 దగ్గర తిష్ఠ వేస్తుంది. ఏ6400 బాడీలో చేతి వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ లేదు. ఐఎస్ఓ ఆటో మినిమమ్ షట్టర్ స్పీడును 1/200కి మార్చుకోండి. ఫోకస్‌కి పీకింగ్ (స్పష్టంగా ఉన్న అంచులకి తెర మీద రంగు పూసే సదుపాయం) ఒక్కదాన్నే నమ్మకండి, ఎఫ్/1.4లో అది కనురెప్పకీ చెవికీ కలిపి రంగు పూస్తుంది. ఫోకస్ మ్యాగ్నిఫయర్‌ని ఒక బటన్‌కి పెట్టుకుని, మీరు తీయబోయే అపెర్చర్‌లోనే ఫోకస్ చేయండి.

సోనీలో చూసి లెన్సు మంచిదో కాదో తీర్పు చెప్పేటప్పుడు జాగ్రత్త. అది మధ్య భాగాన్నే చూపిస్తుంది. మూలల్లో చీకటి, మెత్తదనం ఫిల్ము మీదే బయటపడతాయి.

మీటరు సంగతి: ఎస్‌పీ మీటరుది బ్రిడ్జ్ సర్క్యూట్ (వోల్టేజీ కాస్త మారినా కొలత మారనిది), పాత 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీయే కావాలన్న పట్టింపు లేదు. 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ 394ని చుట్టూ చిన్న ఓ రింగు వేసి పెట్టొచ్చు. అంతకుముందు బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు ఉంటే దూది పుల్లని వెనిగర్‌లో తడిపి తుడవండి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో. చాలాసార్లు చచ్చిన మీటరు అసలు జబ్బు ఇదే.

తేమ డబ్బా

మీరు అడగలేదు కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల్లో ఈ లెన్సుని ఎలా దాస్తారన్నది పై నాలుగింటికంటే ముఖ్యం. గాలి చొరని పది లీటర్ల డబ్బా, 200 గ్రాముల సిలికా జెల్, ఒక చిన్న హైగ్రోమీటరు. ముల్లు 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. 60 దాటి వారాలు గడిస్తే బూజు మొదలవుతుంది, 30 కిందకి దిగితే గ్రీజు ఎండిపోతుంది. నారింజ నుంచి ఆకుపచ్చకి మారే జెల్ కొనండి, 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు పెడితే మళ్లీ పనిచేస్తుంది. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంట ఓవెన్‌లో పెట్టకూడదు. పాత తోలు సంచి ఎంత ముచ్చటగా ఉన్నా లెన్సుని అందులో ఉంచకండి, తేమని పట్టి ఉంచేది అదే.

ఏసీ గదిలోంచి నేరుగా వీధిలోకి తెస్తే గాజు మీద ఆవిరి కడుతుంది. జిప్ సంచిలో మూసి, బయట అరగంట ఉంచి తెరవండి. స్పాట్‌మాటిక్‌లో రోల్ ఉన్నప్పుడు స్కూటీ డిక్కీలో మాత్రం వదిలిపెట్టకండి.

వేళచ్చేరి వెలుతురు

అంచు లేని అడాప్టర్‌కి ఆర్డర్ పెట్టాను. బ్యాటరీ గదిలో నిజంగానే పచ్చటి తుప్పు ఉంది. వెనిగర్ తడి లోపల ఎంతసేపు ఉండొచ్చు?

గోల్డ్ రెండొందలు

పుల్ల పిండేసి, తడి అంటీ అంటనట్టుగా ఉంటే చాలు. ఒక నిమిషం రుద్ది, వెంటనే ఆల్కహాల్. కెమెరాని తలకిందులుగా కాకుండా నిటారుగా పట్టుకోండి. బ్యాటరీ గది అడుగునే ఉంది కాబట్టి, తలకిందులు చేస్తే తడి లోపలి వైర్ల మీదికి జారుతుంది.