వంటసోడా వేస్తే బుడగలు, ఉప్పు వేస్తే ఏమీ లేదు. మరి క్లోరైడ్ ఎందుకు?

పర్లాకిమిడి_ట్యూషన్:
సాయంత్రాలు ప్లస్ టూ పిల్లలకి బోటనీ చెప్తాను. మొన్న చెరువులోంచి హైడ్రిల్లా అనే నీటిమొక్క తెచ్చి, కాచి చల్లార్చిన బోరునీళ్లలో వేసి, గరాటు బోర్లించి ఎండలో పెట్టాం. ఆక్సిజన్ బుడగలు దాదాపు లేవు. చిటికెడు వంటసోడా వేయగానే కాడ తెగిన చోటునుంచి వరసగా లేచాయి. పాఠం అక్కడితో అయిపోవాలి. కానీ ఒక గుంట ఊరుకోదు కదా: "సార్, ఆక్సిజన్ రావాలంటే మాంగనీసు, కాల్షియం, క్లోరైడ్ కావాలని పుస్తకంలో ఉంది. ఉప్పులో క్లోరైడ్ ఉంది కదా, వేసి చూద్దామేటి?" నీళ్లు మార్చి వేశాం. ఒక్క బుడగా పెరగలేదు. ఇప్పుడు పుస్తకం తప్పా, మా గ్లాసు తప్పా?

గుణుపురం_బోటనీ:
రెండూ కాదండీ. ఆ పిల్లని మెచ్చుకోండి ముందు.

నీళ్లు కాచినప్పుడు పోయింది కార్బన్ డయాక్సైడ్. వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్, ఆ లోటు తీర్చింది, అందుకే బుడగలు. గిన్నె అడుగున తెల్లగా పట్టేది కూడా బైకార్బొనేట్ విరిగిపోయి మిగిలిన సున్నమే. క్లోరైడ్ ఎక్కడికీ పోదు, కాచితే ఆవిరయ్యే సరుకు కాదది. పైగా కణం లోపల ముందే ఉంటుంది. లోటే లేనప్పుడు ఇంకా పోస్తే లాభమేముంది? ఎక్కువైతే ఆకు కణాల్లోంచి నీరు బయటికి లాగేస్తుంది, అంతే.

క్లోరైడ్ అవసరం చూడాలంటే దాన్ని తీసెయ్యాలి. 1944లో వార్‌బర్గ్, లుట్గెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు విడదీసిన క్లోరోప్లాస్టులతో (ఆకు కణాల్లో పచ్చగా ఉండి వెలుగుతో ఆహారం చేసే భాగాలు) ఆ సంగతి పట్టుకున్నారు. తమాషా ఏంటంటే, ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచే వస్తుందని చాలాకాలం పట్టుబట్టినవాడూ ఈ వార్‌బర్గే. అది నీటినుంచే వస్తుందని 1941లోనే రూబెన్, కామెన్ బరువైన ఆక్సిజన్‌తో చూపించారు.

నీరు విడిపోయేది ఫోటోసిస్టమ్ 2లో, అంటే క్లోరోప్లాస్టులో వెలుగు పట్టే ఒక ప్రోటీన్ల కూటమిలో. అక్కడ నాలుగు మాంగనీసులు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్లు కలిసిన చిన్న గుంపు ఉంటుంది. 2011లో జపాన్ వాళ్లు పరమాణువులు విడివిడిగా తెలిసేంత (1.9 ఆంగ్‌స్ట్రామ్) స్పష్టతతో దాని ఆకారం చూపించారు. రెండు క్లోరైడ్లు దాని పక్కన ఉంటాయి గాని, అందులో చేరవు. ఒక్కో ఫోటాన్‌కి (వెలుగు రేణువుకి) ఒక్కో ఎలక్ట్రాన్ చొప్పున ఆ గుంపు నాలుగు మెట్లలో నాలుగు ఇచ్చాకే ఒక ఆక్సిజన్ అణువు వస్తుంది. చీకట్లో ఉంచిన ఆకుపచ్చ కణాల మీద మెరుపుల్లాంటి వెలుగు కొడితే, ఎక్కువ ఆక్సిజన్ మూడో మెరుపుకి వస్తుంది, తర్వాత నాలుగేసి మెరుపులకి ఒకసారి. 1969లో జోలియో చూశాడు, 1970లో కోక్ లెక్క కట్టాడు. మొదటిది మూడో మెరుపుకే ఎందుకంటే చీకట్లో ఎక్కువభాగం అప్పటికే ఒక మెట్టు పైన ఆగి ఉంటాయి.

క్లోరైడ్ తీసేస్తే ఈ నాలుగు మెట్ల చక్రం మధ్యలో నిలిచిపోతుంది. ప్రోటాన్లు బయటికి పోయే దారిని అది సరిగా ఉంచుతుందని అనుకుంటున్నారు. దాని చోట బ్రోమైడ్ పెట్టినా పని జరుగుతుంది. కాల్షియం బదులు స్ట్రాన్షియం పెడితే నడుస్తుంది గాని నెమ్మదిగా.

గంజాం_కొబ్బరి:
మేం గోపాలపురం దగ్గర కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పు వేస్తాం. అది కూడా ఇందుకేనా బాబూ?

గుణుపురం_బోటనీ:
కొంచెం వేరండి. ఆక్సిజన్ పనికి కావలసింది బహు కొద్ది. కొబ్బరికి క్లోరైడ్ ఎక్కువ కావాలి, ముఖ్యంగా ఆకు రంధ్రాలు తెరిచి మూసుకోడానికి, కణాల్లో నీరు నిలబెట్టుకోడానికి.

పర్లాకిమిడి_ట్యూషన్:
అర్థమైంది. మరి ఆ గుంటకి మళ్లీ చేసి చూపించేది ఏటి?

గుణుపురం_బోటనీ:
ఒకే కొలత పెట్టండి. లీటరుకి సోడా 4.2 గ్రాములు ఒక గ్లాసు, ఉప్పు 2.9 గ్రాములు ఇంకో గ్లాసు. రెండింట్లో సోడియం సమానం. అప్పుడు తేడా ఎవరిదో దానికే తెలుస్తుంది. చిటికెలతో కాదు, కాటాతో తూచండి.