రక్తం చిక్కగా ఉందన్నారు, బాబు కళ్లకు ఏమైనా అవుతుందా?

గాజువాక_నాన్న:
మా బాబు పుట్టి ఐదు రోజులు. నెలలు నిండాకే పుట్టాడు, కానీ 2.4 కిలోలే. పుట్టగానే ఎర్రగా ఉంటే ‘ఎర్రగా బుర్రగా ఉన్నాడు’ అని అందరం సంబరపడ్డాం. సాయంత్రానికి పాలు మానేశాడు, ఎంత లేపినా కళ్లు తెరవలేదు. పీసీవీ, అంటే రక్తంలో ఎర్ర కణాల శాతం, 72 వచ్చింది. పసిపిల్లల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) పెట్టి కొంచెం రక్తం తీసి సెలైన్ ఎక్కించారు, ఇప్పుడు 56. డిశ్చార్జ్ చేస్తూ ‘ఒకసారి కళ్లు చూపించండి’ అన్నారు. ఎందుకో చెప్పలేదు. చూపు పోతుందా? ఎక్కడ చూపించాలి? షుగర్ కూడా పడిపోయిందట, అది మళ్లీ వస్తుందా?

కవలల_అమ్మ:
మీరు అదృష్టవంతులు, కనీసం కళ్లు చూపించమన్నారు. నాకు ఆ మాట కూడా ఎవరూ చెప్పలేదు. నా పిల్లలిద్దరిదీ ఒకే మాయ. ఒకడు తెల్లగా పాలిపోయి, ఇంకొకడు బీట్‌రూట్‌లా పుట్టారు. మాయలోంచి ఒకడి రక్తం ఇంకొకడికి పోయిందట. అందరూ పాలిపోయిన వాడి చుట్టూనే తిరిగారు, ఎర్రగా ఉన్నవాడికి ఏమీ లేదనుకున్నారు. వాడికే రెండో రోజు ఫిట్స్ వచ్చాయి. ఎర్రటి బిడ్డంటే ఆరోగ్యం అని ఇప్పుడు ఎవరన్నా నాకు ఒళ్లు మండిపోతుంది.

ఎన్‌ఐసీయూ_సిస్టర్:
పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను కాబట్టి చెబుతున్నా. సిరలోంచి తీసిన రక్తంలో పీసీవీ 65 దాటితే ఎక్కువ కింద లెక్క. మడమ గుచ్చి తీస్తే అంతకంటే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని పట్టుకుని నిర్ణయించకూడదు. చిక్కటి రక్తం సన్నటి నాళాల్లో మెల్లగా కదులుతుంది. కంటి వెనక పొర, అంటే రెటీనాలో సిరలు ఉబ్బి మెలికలు తిరుగుతాయి, ఒక్కోసారి చిన్న రక్తపు చుక్కలు పడతాయి. రక్తం పలచబడ్డాక చాలావరకు అవే సర్దుకుంటాయి. సిర మూసుకుపోయినా, చూపుకు కీలకమైన నడి భాగంలో రక్తం చేరి కరగకపోయినా అప్పుడే ప్రమాదం. 72 నుంచి 55కి దించాలంటే 2.4 కిలోల బిడ్డకు 50 మిల్లీలీటర్ల లోపే రక్తం తీసి సెలైన్ ఎక్కించాలి. పెద్ద ఆపరేషన్ కాదు, భయపడకండి.

పెందుర్తి_అత్త:
బొడ్డు ఆలస్యంగా కోస్తే ఇదే అవుతుంది! మా ఆడపడుచుకి ఆటోలోనే కాన్పయింది. బొడ్డు కోయకుండా మాయతో సహా బిడ్డను ఆసుపత్రికి తెచ్చారు. వాడికీ రక్తం చిక్కబడింది. ఇప్పుడేమో డాక్టర్లే కావాలని ఆగుతున్నారు. మా కాలంలో పుట్టగానే కోసేవారు.

ఎన్‌ఐసీయూ_సిస్టర్:
అమ్మా, దయచేసి అలా భయపెట్టకండి. కనీసం ఒక నిమిషం ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. ఆ రక్తం వల్ల బిడ్డకు ఐరన్ నిల్వలు పెరుగుతాయి. ఆటోలో జరిగింది, ఆసుపత్రిలో జరిగేది ఒకటి కాదు.

పెందుర్తి_అత్త:
చదువుకున్నవాళ్లు ఎప్పుడూ ఇంతే. కళ్లారా చూసింది చెబితే భయపెట్టడమా?

సీతమ్మధార_90:
అత్తగారి మాటలో కొంత నిజం ఉంది సిస్టర్. ఆలస్యంగా కోస్తే పీసీవీ కాస్త పెరుగుతుంది, అది మీరూ ఒప్పుకోవాలి. కానీ అందరికీ జబ్బు చేయదు. నాకు గర్భంలో షుగర్ ఉండేది, మా పాపకి దానివల్లే అన్నారు. బొడ్డు వెంటనే కోసినా వచ్చింది.

ఎన్‌ఐసీయూ_సిస్టర్:
ఒప్పుకుంటాను. తల్లికి షుగర్ ఉన్నా, కడుపులో బిడ్డ సరిగా ఎదగకపోయినా ఎక్కువ ఎర్ర కణాలు తయారవుతాయి. గాజువాక బాబు బరువు చూస్తే రెండోది కావచ్చు. అది మీ పిల్లల డాక్టర్‌నే అడగండి.

పాడేరు_టీచర్:
మాది కొండ ప్రాంతం, మా పిల్లలకి అందుకే ఎర్ర కణాలు ఎక్కువ ఉంటాయా?

సీతమ్మధార_90:
మన కొండల ఎత్తు వెయ్యి మీటర్ల దగ్గరే కదండీ, దానికి ఇంకా చాలా ఎత్తు ఉండాలి.

కవలల_అమ్మ:
గాజువాక గారూ, ఒక్క మాట వినండి. కళ్లలో ఆముదం, చనుబాలు వేయనివ్వకండి, కాటుక పెట్టనివ్వకండి. మా అత్తగారు ‘కళ్లు చల్లబడతాయి’ అని పాలు పిండితే ఇన్‌ఫెక్షన్ వచ్చి మళ్లీ పదిరోజులు తిరిగాం.

పెందుర్తి_అత్త:
కాటుక కూడా తప్పేనా? మేమంతా అలాగే పెరిగాం.

కవలల_అమ్మ:
తప్పే అత్తా. కోపం తెచ్చుకోకండి, ఆ బిడ్డ కోసమే చెబుతున్నా.

సీతమ్మధార_90:
ఎక్కడా అని అడిగారుగా. మన విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాకలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. పసిపిల్లల రెటీనా చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో ముందు కనుక్కుని వెళ్లండి, మాకు రెండుసార్లు వృథా అయింది.

గాజువాక_నాన్న:
ఈరోజు చూపించాం. కంటిపాపలు పెద్దవవడానికి మందు చుక్కలు వేసి, తలకి లైటు పెట్టుకుని చూశారు. సిరలు కొంచెం ఉబ్బి ఉన్నాయట, ఎడమ కంట్లో అంచు వైపు రెండు చిన్న రక్తపు చుక్కలు. మామూలు కాన్పులో పుట్టిన పిల్లల్లోనూ అలాంటివి కనిపిస్తాయట, నాలుగు వారాలకి మళ్లీ రమ్మన్నారు. బాబు చాలా ఏడ్చాడు, తాగిన పాలన్నీ కక్కేశాడు. వాళ్లమ్మ ఇంకా ఏడుస్తూనే ఉంది.

ఎన్‌ఐసీయూ_సిస్టర్:
ఈసారి పరీక్షకి గంట ముందే పాలు పట్టించండి. పరీక్షప్పుడు మీరే పట్టుకోండి, వాళ్లమ్మని బయట కూర్చోబెట్టండి. చుక్కలు కరిగాయో లేదో వచ్చి రాయండి.