పట్టచిత్రం గుడ్డ మీద సుద్ద పూత రాలిపోతోంది

బరంపురం నుంచి: పిల్లలతో పట్టచిత్రం (గుడ్డ మీద వేసే ఒడిశా సంప్రదాయ చిత్రం) వేయిద్దామని ఇంట్లోనే గుడ్డ తయారుచేశామండీ. చుడితే సుద్ద పెచ్చులుగా రాలుతోంది. లోపం ఎక్కడ?

పర్లాకిమిడి నుంచి: జిగురు చాలలేదు, పూత మందమైంది. చింతగింజలు 2-3 రోజులు నానబెట్టి, పొట్టు తీసి మెత్తగా రుబ్బి, నీళ్లు పోసి సన్నసెగ మీద అంబలిలా ఉడికించండి. పాత నూలు చీర ముక్కలు రెండు ఆ జిగురుతోనే ఒకదానిపై ఒకటి అతికించి ఆరనివ్వాలి. తర్వాత జల్లించిన సుద్దపొడిని జిగురులో కలిపి పలచగా పూయండి, ఆరాక మళ్లీ. ఒకేసారి దట్టంగా పూస్తే పైన బిగిసి లోపల తడి మిగులుతుంది, పగుళ్లు అందుకే.

రాయగడ నుంచి: ఆరాక ముందు గరుకు రాయితో, తర్వాత నున్నటి రాయితో రుద్దాలి. పట్టచిత్రాలకు పేరున్న ఒడిశా గ్రామం రఘురాజపూర్‌లోని చిత్రకారుల గుడ్డకు ఆ నునుపు వచ్చేది ఇలాగే!

బరంపురం నుంచి: మిగిలిన జిగురు దాచుకోవచ్చా?

పర్లాకిమిడి నుంచి: వద్దండీ, పులుస్తుంది. ఏ రోజుకారోజు ఉడికించుకోండి.