టీఎస్‌హెచ్ 9.8 దగ్గర ఆగింది, 50 నుంచి 75కి మారాలా?

కృష్ణాతీరం:
థైరాయిడ్ తక్కువగా ఉందని మూడు నెలలుగా 50 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్నా. మొదట టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే రక్తపరీక్ష అంకె) 14, ఇప్పుడు 9.8. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే. మే నెలలోనూ దుప్పటి కప్పుకుంటున్నా. డాక్టరుగారు 75 రాశారు. పవర్ ఇలా పెంచుకుంటూ పోతే ఎలా అని ఇంట్లో గొడవ. మీకు ఏ డోసు కుదిరింది? బరువు తగ్గిందా? థైరాయిడ్‌కి పడదంటారు, క్యాబేజీ మానేయాలా?

మల్లెపందిరి:
క్యాబేజీ సంగతి తర్వాత అక్కా, కాఫీ ఎప్పుడు తాగుతున్నారు? నేను మాత్ర మింగిన పది నిమిషాలకే ఫిల్టర్ కాఫీ తాగేదాన్ని. ఏడాదిలో 25 నుంచి 100కి పెంచినా టీఎస్‌హెచ్ దిగలేదు. గంట ఆగి తాగడం మొదలుపెట్టాక 75తోనే సరిపోయింది.

తూర్పుగట్టు:
గంటెందుకండీ? మా అమ్మ 15 ఏళ్లుగా మాత్ర, కాఫీ ఒకేసారి. టీఎస్‌హెచ్ 2.5. ఊరికే భయపెట్టకండి.

ల్యాబ్‌బాబాయ్:
18 ఏళ్లుగా ల్యాబ్‌లో ఉన్నా, నా చేతి మీదుగా వేల థైరాయిడ్ రిపోర్టులు వెళ్లాయి. మీ అమ్మగారి డోసు ఆ కాఫీతో కలిపే కుదిరింది, అంతే. ఒకరోజు కాఫీతో, ఒకరోజు పరగడుపున వేసుకుంటే రిపోర్టు ఊగుతుంది. కొత్తవాళ్లు అరగంట నుంచి గంట ఆగాల్సిందే. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి, లేకపోతే అంకెలు తప్పుగా రావచ్చు.

తూర్పుగట్టు:
నేను చెప్పిందే మీరూ చెప్పారు. మరి తప్పు నాదెలా అయింది?

మల్లెపందిరి:
అదే మాట కాదండీ. మీరు "గంటెందుకు" అన్నారు. ఆ ఏడాది నేను మేడ మెట్లు ఎక్కుతూ మధ్యలో కూలబడేదాన్ని. ఆ నీరసం పడ్డవాళ్లకే తెలుస్తుంది.

షిఫ్టుడ్యూటీ:
నాకు పొద్దున కుదరదు. డాక్టరుకి చెప్పే, రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసుకుంటున్నా. టీఎస్‌హెచ్ 3.1.

ఒంటరిపిట్ట:
కాఫీ గొడవ ఆపండి బాబూ. డోసు విషయంలో ఇంట్లోవాళ్ల మాటా వద్దు, సొంత వైద్యమూ వద్దు. బరువు తగ్గుతుందని నేనే 75ని 150 చేసుకున్నా. రెండు నెలలకు గుండెదడ, నిద్ర లేదు. చేతుల వణుకుకి గిన్నె మీద మూత గలగలలాడేది. టీఎస్‌హెచ్ 0.05. మళ్లీ దారిలో పడటానికి నాలుగు నెలలు పట్టింది.

చిట్టితల్లి:
నాకు గర్భం అని తెలియగానే డోసు పెంచారు. ఐరన్, కాల్షియం, థైరాయిడ్ అన్నీ ఒకే గుప్పిట్లో వేసుకునేదాన్ని. థైరాయిడ్ మాత్రకీ మిగతా రెండింటికీ నాలుగు గంటల తేడా ఉండాలని ఐదో నెలలో తెలిసింది. మందుల చీటీ రాసినప్పుడే ఎవరైనా ఆ ఒక్క మాట చెప్పాల్సింది. ఇప్పటికీ బాధే.

కృష్ణాతీరం:
అయ్యో, నేనూ మోకాళ్ల నొప్పికి రాసిన కాల్షియం దీంతోపాటే పొద్దున్నే వేసుకుంటున్నా! డాక్టరుగారికి చెప్పనేలేదు. రేపు ఫోన్ చేసి, 75 ఇప్పుడే మొదలుపెట్టాలా అని అడుగుతా.

ల్యాబ్‌బాబాయ్:
అడగమ్మా. డోసు మార్చినా, కాల్షియం వేళ మార్చినా ఆరు నుంచి ఎనిమిది వారాలయ్యాకే టెస్టు. వేసుకున్న మందులో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు వారం పడుతుంది. పది రోజులకే రిపోర్టు తీసి టెన్షన్ పడొద్దు. ఆ రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకో. క్యాబేజీ వండుకుని తిను, మామూలుగా తింటే ఏం కాదు.

తూర్పుగట్టు:
కాఫీ విషయంలో నా మాట అదే. కాల్షియం సంగతి మాత్రం అమ్మకి చెప్పా. ఇవాళ్టి నుంచి రాత్రి భోజనం తర్వాత వేసుకుంటుంది.